"నాకు బొమ్మలు రావు" అనే విద్యార్థి పక్కన కూర్చోవడం

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

చిత్రలేఖనం నేర్పే గదిలో మనమందరం ఎన్నోసార్లు విన్న ఒక మాటతోనే ఈ ప్రసంగాన్ని మొదలుపెడతాను. "నాకు బొమ్మలు రావు సార్" అనేదే ఆ మాట. ఈ మాట అనే పిల్లల వయసు ఎంత ఉంటుందో మీరు ఎప్పుడైనా గమనించారా? నాలుగేళ్ళ పిల్ల ఈ మాట అనదు. ఆమె చేతికి ఒక క్రేయాన్ ఇస్తే, తలకాయ నుంచి నేరుగా కాళ్ళు మొలిచిన మనిషిని గీసి, ఇది అమ్మ అని ధీమాగా చెబుతుంది. అమ్మకు మొండెం లేదన్న సంగతి ఆమెకు పట్టదు. ఆరేడేళ్ళ పిల్లవాడు కాగితం అడుగున ఒక అడ్డగీత గీసి, దానిమీద ఇల్లునూ చెట్టునూ మనిషినీ వరసగా నిలబెడతాడు. ఆ మనిషి ఇంటికంటే పొడుగ్గా ఉన్నా అతనికి ఏ అభ్యంతరమూ ఉండదు. అదే పిల్లలు తొమ్మిది, పదేళ్ళకు వచ్చేసరికి మనం దగ్గరకు వెళ్ళగానే కాగితాన్ని అరచేత్తో కప్పుకోవడం మొదలుపెడతారు.

పిల్లల బొమ్మల్లో వయసుతో వచ్చే మార్పులను దశలుగా విభజించి 1947లో పుస్తకరూపంలో వివరించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్, సుమారు తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్యకాలాన్ని వాస్తవికత మీద స్పృహ మేల్కొనే దశగా గుర్తించాడు. నా అనుభవంలో ఈ పరిశీలన ఉపాధ్యాయుడికి చాలా పనికొచ్చేది, ఎందుకంటే "నాకు రావు" అనే మాటకు అది వేరే అర్థం చెబుతుంది. ఆ వయసులో చేయి వెనకబడిపోవడం జరగదు, కన్ను చేతిని దాటి ముందుకు వెళ్ళిపోతుంది. నిన్నటిదాకా తన బొమ్మలో కనిపించని తప్పు ఇవాళ కనిపిస్తోంది కనుకనే ఆ పిల్లవాడు సిగ్గుపడుతున్నాడు. ఈ సంగతిని నేను పిల్లలకు దాచకుండా చెబుతాను. "నీ కన్ను నీ చేతికంటే పెద్దదయింది, చేయి దాన్ని అందుకోవడానికి కొంత కాలం పడుతుంది" అంటే పదేళ్ళ పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఓదార్పు కోసం చెప్పే అబద్ధం కాదు కనుక ఆ మాటను వాళ్ళు నమ్ముతారు కూడా.

ఈ ప్రసంగానికి నిర్వాహకులు ఇచ్చిన విషయంలో ఆత్మవిశ్వాసం, ఏకాగ్రత అని రెండు మాటలున్నాయి. మన సంభాషణల్లో సాధారణంగా ఈ రెంటినీ విడదీసి, ఒకదానికి మెచ్చుకోలు మందనీ, రెండోదానికి క్రమశిక్షణ మందనీ అనుకుంటాం. చాలా ఏళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. చిత్రలేఖనంలో చూపు నిలిచిన చోటే ధైర్యం పుడుతుంది. ఒక వస్తువును పది నిమిషాలు నిజంగా చూసి గీసిన విద్యార్థికి తన కాగితం మీద తాను ఊహించని సంగతి ఏదో ఒకటి దొరుకుతుంది, ఆ దొరికినదాన్ని మరొకరు ధ్రువపరచవలసిన పని ఉండదు. తన శక్తి మీద మనిషికి నమ్మకం ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా చెప్పిన సమాధానంలోనూ మొదటి స్థానం సొంతంగా సాధించిన అనుభవానిదే. ఇతరులు ఇచ్చే ప్రోత్సాహపు మాటల బలం అంతకంటే చాలా తక్కువ. మనమేమో ఆ బలహీనమైన పనిముట్టునే ఎక్కువగా వాడుతుంటాం.

ధైర్యం చాలని పిల్లలందరూ ఒకేలా కనిపించరన్నది మొదట గుర్తుపెట్టుకోవలసిన విషయం. గీసిన ప్రతి గీతనూ కాగితం చిరిగేదాకా రబ్బరుతో చెరిపే విద్యార్థిని మనం సులువుగానే గుర్తుపడతాం. పక్కవాడి షీటు చూసి అదే కొండనూ అదే సూర్యుణ్ణీ దించేసే విద్యార్థినీ గుర్తుపడతాం, కాకపోతే అతన్ని భయస్తుడిగా చూడకుండా సోమరిగా లెక్కగడతాం. అందరికంటే మనల్ని ఎక్కువగా ఏమార్చేవాడు మూడు నిమిషాల్లో "అయిపోయింది సార్" అని షీటు తెచ్చి బల్లమీద పడేసేవాడు. వాడిది నిర్లక్ష్యమని నేను చాలాకాలం పొరబడ్డాను. నిజానికి వాడు ఎంతో తెలివైన రక్షణ కట్టుకున్నాడు: మనసు పెట్టి వేయలేదు గనుక, బాగా రాకపోతే అది తన చేతకానితనం కిందికి రాదు. అటువంటి విద్యార్థిని "ఇంకా వెయ్యి" అని వెనక్కి పంపితే నాలుగు పిట్టలూ రెండు మబ్బులూ చేర్చి మళ్ళీ వస్తాడు. నేను అతని పక్కన కూర్చుని, బొమ్మలో ఒక చోటు చూపించి, "ఈ చెట్టు నేలలోకి దిగే చోట ఏం జరుగుతుంది? కాండం అలాగే నిటారుగా దిగిపోతుందా, వెడల్పవుతుందా, వేళ్ళు బయటికి కనిపిస్తాయా?" అని అడుగుతాను. అప్పుడు అతను తిరిగి చేయవలసింది మొత్తం బొమ్మ కాదు, అరచేయంత చోటు. ఆ కొంచెం చోటులో ఓడిపోయినా పెద్ద నష్టం లేదు కాబట్టి అక్కడ మనసు పెట్టడానికి సాహసిస్తాడు.

రబ్బరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకప్పుడు నేను తరగతిలో రబ్బర్లు నిషేధించాను. గీతలు ధైర్యంగా పడతాయనుకుంటే, చాలామంది అసలు గీతే గీయడం మానేశారు, ఇద్దరు ముగ్గురు వేలికి తడి చేసుకుని రుద్దడం మొదలుపెట్టారు. తర్వాత నిషేధం ఎత్తివేసి ఒకే ఒక నియమం పెట్టాను: తప్పనిపించిన గీతను వెంటనే చెరపకూడదు, అది అక్కడ ఉండగానే దాని పక్కన సరైనదనిపించే గీత గీయాలి, ఆ తర్వాతే మొదటిదాన్ని చెరపాలి. దీనివెనక ఉన్న కారణం పూర్తిగా చిత్రలేఖనానికి సంబంధించినదే. తప్పు గీతను తుడిచేస్తే కాగితం మళ్ళీ తెల్లబడి, విద్యార్థి మళ్ళీ అదే గుడ్డి అంచనాతో అదే చోట అదే గీత గీస్తాడు. తప్పు గీత ఉంటే, దానికి ఎంత ఎడమగా, ఎంత పైకి అన్నది కొలుచుకోవడానికి ఆధారం దొరుకుతుంది. కొన్ని వారాలు ఇలా చేశాక చాలామంది ఆ మొదటి గీతను చెరపాలన్న సంగతే మరిచిపోతారు. పెన్సిల్‌ను మొన దగ్గర నొక్కి పట్టుకోకుండా కాస్త వెనక్కి పట్టుకుని లేతగా గీయడం నేర్పితే ఈ పని మరింత తేలికవుతుంది.

అసలు మొదలే పెట్టని విద్యార్థి విషయం వేరు. "నీకిష్టమైనది వెయ్యి" అన్న మాట మనకు ఉదారంగా అనిపిస్తుంది, అతనికి మాత్రం అది దిక్కుతోచని మైదానం. స్వేచ్ఛ తగ్గిస్తే అతనికి దారి దొరుకుతుంది. పావు షీటు, రెండే రంగులు, ఎదురుగా నలిపి పెట్టిన ఒక కాగితపు ఉండ అంటే చాలు, చేయి కదులుతుంది.

ఇక మెచ్చుకోలు గురించి. "సార్, బాగుందా?" అని అడగని విద్యార్థి ఉండడు. "చాలా బాగుంది" అని ముందుకు సాగిపోని ఉపాధ్యాయుడూ ఉండడు, ఎందుకంటే నలభైమంది ఉన్న గదిలో అది అన్నిటికంటే చవకైన సమాధానం. ఇందులో ఉన్న చిక్కును రెండు ప్రయోగాలు చక్కగా చూపించాయి. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలకు కొన్ని తర్కపు చిక్కుప్రశ్నలు ఇచ్చి, అవి అయ్యాక కొందరిని తెలివైనవాళ్ళని పొగిడారు, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన ప్రశ్నలు ఎదురై తడబడినప్పుడు, తెలివికి పొగడ్త పొందిన పిల్లలు త్వరగా చతికిలబడ్డారు, పనిలో ఆనందం తగ్గిందన్నారు. ఆ పైన ఇచ్చిన ప్రశ్నల్లోనూ వాళ్ళ ఫలితం దిగజారింది. అది చిక్కుప్రశ్నల సంగతి కదా అని మీరనవచ్చు. రెండో ప్రయోగం నేరుగా మన గదిలోదే. 1973లో మార్క్ లెప్పర్, అతని సహచరులు బొమ్మలు వేయడం సహజంగా ఇష్టపడే మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలను ఎంచుకుని, కొందరికి రంగు స్కెచ్ పెన్నులతో బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా చివర్లో ఇచ్చారు, మరికొందరికి ఏదీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత అవే పెన్నులను ఆటల సమయంలో అందుబాటులో ఉంచి చూస్తే, బహుమతి ఆశ చూపినందుకు వేసిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్ళు గడిపినదానిలో దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో అలాంటి తగ్గుదల కనిపించలేదు. గోడకు వేలాడే ప్రశంసాపత్రాలను, పోటీల పతకాలను తలచుకుంటే ఈ ఫలితం మనకు కొంత ఇబ్బంది కలిగించక మానదు. కలిగించడమే మంచిదని నా ఉద్దేశం.

అయితే విద్యార్థి అడిగినప్పుడు ఏమనాలి? మౌనంగా ఉంటే అది నిరాకరణ అవుతుంది. నేను చేసేది ఇది: బొమ్మలో నాకు కనిపిస్తున్నదాన్ని ఉన్నదున్నట్టుగా చెబుతాను. "గ్లాసు కుడివైపు నీడను ఎడమవైపుకంటే ముదురుగా వేశావు, అందుకని గుండ్రంగా కనిపిస్తోంది" అన్న వాక్యంలో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా విని ఆ పిల్ల ముఖం వెలిగిపోతుంది, ఎందుకంటే తాను చేసిన పనినీ దాని ఫలితాన్నీ ఒకరు చూశారు. రేపు మరొక గుండ్రటి వస్తువు వేయవలసి వస్తే ఈ వాక్యం ఆమెకు పనికొస్తుంది, "చాలా బాగుంది" పనికిరాదు. ఒక్కొక్కప్పుడు ప్రశ్నతో జవాబిస్తాను: "ఇందులో ఏ భాగం వేస్తున్నప్పుడు నీకు బాగా కష్టమనిపించింది?" ఇలా అడిగాక ఆగాలి. 1970ల మొదట్లో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల సమాధానాలు నిడివిలోనూ ఆలోచనలోనూ పెరుగుతున్నాయనీ గుర్తించింది. మూడు సెకన్ల నిశ్శబ్దం మాస్టారికి ఎంత పొడుగ్గా అనిపిస్తుందో మీరు రేపు ప్రయత్నించి చూడండి.

ఇప్పుడు నా వృత్తి జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెబుతాను. మనిషి ముఖం గీస్తున్న ఒక అమ్మాయి కళ్ళను బాగా పైకి, దాదాపు నుదుటి మీద పెట్టింది. తలను నిలువునా కొలిస్తే కళ్ళు ఇంచుమించు సరిగ్గా మధ్యలో ఉంటాయి, జుట్టు ఉన్న భాగాన్ని మనం ముఖంగా లెక్కించం కాబట్టి ఈ తప్పు అందరూ చేస్తారు. నేను ఆమె చేతిలోని పెన్సిల్ తీసుకుని, అర నిమిషంలో కళ్ళు కిందికి దించి, ముక్కు కూడా సరిచేసి ఇచ్చాను. బొమ్మ ఎంతో బాగుపడింది, పక్కనున్న పిల్లలు ఆహా అన్నారు. ఆ అమ్మాయి "థాంక్యూ సార్" అని షీటును సంచిలో పెట్టుకుని, ఆ రోజు ఇంకేమీ వేయలేదు. తర్వాతి వారం కొత్త షీటు తీసి, పెన్సిల్ నా వైపు చాపి, "కళ్ళు మీరే వేసి ఇవ్వండి సార్" అంది. నేను సరిచేసింది బొమ్మను, ఆమెకు నేర్పింది మాత్రం తన చేయి పనికిరాదన్న పాఠం. అప్పటినుంచి విద్యార్థి కాగితం మీద నా పెన్సిల్ ఆనించడం మానేశాను. జేబులో ఎప్పుడూ చిన్న చిత్తు కాగితాలు ఉంటాయి. చూపించవలసింది ఉంటే దానిమీద గీసి చూపిస్తాను, విద్యార్థి చూశాక ఆ చిత్తు కాగితం నాతోనే తీసుకుపోతాను, లేకపోతే అది దించుకోవడానికి నమూనా అయి కూర్చుంటుంది. తప్పనిసరిగా అతని బొమ్మ మీదే చూపించాలంటే పైన ట్రేసింగ్ కాగితం పరిచి గీస్తాను. కాగితం ఎత్తేస్తే కింద అతని గీతలు అలాగే ఉంటాయి, మార్చాలో వద్దో అతనే నిర్ణయించుకుంటాడు.

ఏకాగ్రత విషయానికి వద్దాం. "దృష్టి పెట్టు" అని ఎన్నిసార్లు చెప్పినా దృష్టి నిలవదు, అది నిలబడడానికి ఒక ఆనవాలు కావాలి. చిత్రలేఖనంలో మనకున్న అదృష్టం ఏమిటంటే, కేవలం చూపును నిలపడానికే పుట్టిన అభ్యాసాలు చేతిలో ఉన్నాయి. కాగితం వైపు చూడకుండా, వస్తువు అంచు వెంట కన్నును చీమలాగా నెమ్మదిగా నడిపిస్తూ, కన్ను కదిలినంతే పెన్సిల్ కదిలించడం వాటిలో ఒకటి. చిత్రలేఖన గురువు కీమోన్ నికొలైడిస్ బోధన 1941లో అచ్చయినప్పటినుంచి ఎన్నో తరాల కళాశాలల్లో ఇది నడుస్తోంది. బిడియపడే పిల్లలకు ఇది మరీ మంచిది, ఎందుకంటే ఫలితం అందరికీ వంకరగానే వస్తుంది. ఆ వంకరకు నవ్వుకునే హక్కు అందరికీ సమానంగా ఉంటుంది. అయినా దగ్గరగా చూస్తే, తొందరగా వేసిన బొమ్మలో ఎన్నడూ కనిపించని సూక్ష్మమైన మలుపులు ఆ గీతలో ఉంటాయి. మొదట రెండు నిమిషాలు, కొన్ని వారాలకు ఐదు, ఆపైన పది నిమిషాలు చేయించవచ్చు. రెండోది, చూసి వేయవలసిన చిత్రాన్ని తలకిందులుగా పెట్టి వేయించడం. 1979లో చిత్రలేఖన ఉపాధ్యాయురాలు బెట్టీ ఎడ్వర్డ్స్ దీన్ని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. బొమ్మలు వేసే చూపు మెదడు కుడి భాగానిదనీ, మాటలూ పేర్లూ ఎడమ భాగానివనీ ఆమె చెప్పిన వివరణను నేటి నాడీశాస్త్రం ఆ రూపంలో ఒప్పుకోదు, అభ్యాసం మాత్రం పనిచేస్తుంది. నిటారుగా ఉన్న ముఖాన్ని చూడగానే విద్యార్థి "కన్ను" అనే పేరును గుర్తుపట్టి, చిన్నప్పటినుంచి అలవాటైన బాదంకాయ ఆకారాన్ని వేసేస్తాడు. తలకిందులైన ముఖంలో పేర్లు తట్టవు కనుక గీతల వాలునూ వాటి మధ్యనున్న ఖాళీలనూ చూడక తప్పదు. పూర్తయ్యాక కాగితాన్ని తిప్పి చూసుకున్నప్పుడు పిల్లలు చేసే చప్పుడును నేను ఎన్నడూ అణచలేదు.

గది సంగతి కూడా ఉంది, ఇక్కడ మన సొంత మురిపెం అడ్డొస్తుంది. చిత్రలేఖనం గది అంటే గోడలన్నీ రంగులతో నిండిపోవాలని మనకు ఉబలాటం. 2014లో అన్నా ఫిషర్ బృందం 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు అలంకరించిన గదిలోనూ, కొన్ని ఖాళీ గోడల గదిలోనూ చెప్పించి గమనిస్తే, అలంకరణ ఉన్న గదిలో పిల్లలు దాదాపు 39 శాతం సమయం పాఠం మీద ధ్యాస లేకుండా గడిపారు, ఖాళీ గదిలో అది 28 శాతం. చిన్న ప్రయోగమే, పైగా మరీ చిన్నపిల్లలతో చేసినది. అయినా గోడలన్నీ బోసిగా ఉంచకపోయినా, పిల్లలు తలెత్తితే ఎదురుగా కనిపించే ఒక్క గోడనైనా ఖాళీగా ఉంచడం మంచిదని నాకు అనిపించింది, అలాగే చేశాను. ఇదే సందర్భంలో మరో మాట: మనం వివరిస్తుండగా కాగితం మూలన పిచ్చిగీతలు గీస్తున్న విద్యార్థి వినడం లేదని తీర్మానించకండి. 2010లో జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ సందేశం వినిపిస్తే, వింటూ గళ్ళు నింపుతూ కూర్చున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే 29 శాతం ఎక్కువ వివరాలు గుర్తుపెట్టుకున్నారు.

కొన్ని ఇబ్బందులు శరీరానికి సంబంధించినవి, వాటిని మనసు మీదికి నెట్టకూడదు. ఎడమచేతి వాటం ఉన్న విద్యార్థికి వెలుతురు కుడివైపునుంచి రావాలి, లేకపోతే తన చేతి నీడలోనే గీస్తుంటాడు. ఆకులకు గోధుమరంగు వేసే అబ్బాయి పరధ్యానంలో ఉన్నాడని కోప్పడేముందు, ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టలేని చూపు మగపిల్లల్లో అరుదు కాదని గుర్తుంచుకోవాలి. యూరపు సంతతివారిలో అది దాదాపు పన్నెండుమందికి ఒకరికి ఉంటుంది, ఆడపిల్లల్లో సుమారు రెండు వందలమందికి ఒకరికి. రంగు గొట్టాల మీద పేర్లు రాసి పెడితే అతని కష్టం సగం తీరుతుంది, అందరి ముందూ ఏ రంగో చెప్పమని అడిగి పరీక్షించనవసరం లేదు. వేళ్ళకు రంగు అంటితే భరించలేని పిల్లలుంటారు, వాళ్ళకు పొడవాటి బ్రష్షో స్పాంజో ఇవ్వండి. ఒకేచోట కూర్చోలేని విద్యార్థికి నిలబడి వేసే వీలు కల్పించి, నీళ్ళు మార్చే బాధ్యత అప్పగిస్తే, మధ్యమధ్య లేచి తిరగడానికి అతనికి గౌరవమైన కారణం దొరుకుతుంది.

ఇదంతా విని, నలభైమంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, ఒక్కొక్కరి పక్కన కూర్చోవడం ఎలా సాధ్యమని మీరు అడుగుతారు. సాధ్యం కాదు. ఆ నలభై నిమిషాలను నలభైమందికి పంచితే ఎవరికీ ఏమీ అందదు, గదంతా గిరగిరా తిరిగి "బాగుంది, బాగుంది" అనడమే మిగులుతుంది. నేను ప్రతి తరగతికీ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, పీరియడుకు ఐదుగురి పేర్లు ముందే రాసుకుంటాను. ఆ రోజు ఆ ఐదుగురి దగ్గర మూడేసి నిమిషాలు కూర్చుంటాను. నిలబడి పైనుంచి మాట్లాడను, స్టూలు వేసుకుని బల్ల ఎత్తుకు దిగుతాను. మిగతావారికి కనబడుతూ ఉంటాను, అంతే. ఎనిమిది పీరియడ్లకు తరగతి ఒక చుట్టు పూర్తవుతుంది. ఈ పద్ధతి రాకముందు నా సమయమంతా బాగా వేసే నలుగురికీ బాగా అల్లరి చేసే నలుగురికీ పోయేదనీ, మధ్యలో నిశ్శబ్దంగా కూర్చున్నవాళ్ళ దగ్గరకు నేను ఏడాది పొడవునా ఒక్కసారి కూడా సరిగ్గా వెళ్ళలేదనీ ఆ పేర్లు రాసుకుంటున్నప్పుడే నాకు తెలిసింది.

ఆ నోటుపుస్తకంలో విద్యార్థి పేరు పక్కన మార్కులు రాయను. ఆ రోజు అతను నన్ను అడిగిన ప్రశ్నను మాత్రం అతని మాటల్లోనే రాసుకుంటాను. ఏడాది మొదట్లో ప్రతి పేరు పక్కనా దాదాపు ఒకే ప్రశ్న ఉంటుంది: "సార్, బాగుందా?" తర్వాత ఎప్పుడో, ఒక్కొక్కరికి ఒక్కో నెలలో, ఆ ప్రశ్న మారుతుంది. కళ్ళు నన్నే వేసి ఇమ్మన్న ఆ అమ్మాయి పేరు పక్కన చాలా నెలల తర్వాత రాసుకున్నది ఇది: "సార్, చెంప మీద నీడ ఎక్కడ ఆపాలో తెలియడం లేదు, ఇక్కడా, ఇంకాస్త ముందా?" ఎక్కడ ఆపాలో నేను చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్న స్నేహితురాలి ముఖాన్ని చూపించి, పక్క బల్ల దగ్గరకు వెళ్ళిపోయాను.